బావ, బావమరిది, మధ్యలో వైభవ్: టాప్‌లో ఉన్న ఇద్దరి మధ్య ట్రేడ్‌ని ఎలా లెక్కేయాలి

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ట్రేడ్ గురించి. స్క్రీన్ మీద చూడండి. ఒక పక్క సూర్యకుమార్ యాదవ్. ఇంకో పక్క వైభవ్ సూర్యవంశీ, వాడితో పాటు మన వైజాగ్ నితీష్ కుమార్ రెడ్డి. ఒకడికి ఇద్దరు. సూర్యని ఇస్తున్నవాడు 2025లో మా లీగ్‌లో సెకండ్ వచ్చాడు. ఇద్దరినీ ఇచ్చి సూర్యని తీసుకుంటున్నవాడు ఛాంపియన్.

ట్రేడ్ మెసేజ్ గ్రూప్‌లో పడిన పది నిమిషాల్లో గొడవ మొదలైంది. ఎందుకంటే ఆ ఇద్దరూ బావాబావమరుదులు. ఛాంపియన్ వాళ్ల అక్కని మొన్న వేసవిలో రన్నరప్ చేసుకున్నాడు. వచ్చేది వాళ్ల మొదటి సంక్రాంతి. ఇంకేముంది, ఒకడు వెంటనే పెట్టాడు: "కొత్తల్లుడికి పండగ కానుకేటి? బండి అడగలేక వైభవ్‌ని అడిగినాడేటి?" నవ్వాం. కానీ రాత్రికి అది నవ్వుగా మిగల్లేదు. ఇది కుమ్మక్కు, దీన్ని ఆపకపోతే మేం వెళ్లిపోతాం అని ఐదుగురిలో ముగ్గురు నాకు విడిగా మెసేజ్ పెట్టారు. లీగ్ షీట్ నడిపేది నేను కాబట్టి తీర్పు నా మీద పడింది. భోగి రోజు రాత్రితో ట్రేడ్‌లు బంద్. పేర్లు చెప్పను, కానీ వాళ్లిద్దరికీ చెప్పే ఈ వీడియో చేస్తున్నా.

మా లీగ్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎనిమిది మందిమి. అందరం వజ్రపుకొత్తూరు, పలాస, టెక్కలి చుట్టుపక్కల వాళ్లమే. ఇప్పుడు ఒకడు ఆర్మీలో, ఒకడు పలాసలో జీడిపప్పు వ్యాపారంలో, మిగతావాళ్లు బెంగళూరు, హైదరాబాద్, వైజాగ్. ప్రతి ఐపీఎల్‌కి ముందు మేం సొంతంగా వేలం వేసుకుంటాం. ఒక్కొక్కరికి వెయ్యి పిక్కలు. అవును, మా లీగ్ కరెన్సీ పేరు పిక్కలే. పలాసలో వేలం వేస్తే ఇంకేం పేరు పెడతాం! సీజన్ అయ్యాక ఒక్కొక్కరు ఐదుగురిని తర్వాతి ఏడాదికి అట్టిపెట్టుకోవచ్చు. పోయినేడాది కొన్న ధర మీద 20 పిక్కలు ఎక్కువ కట్టాలి. ఒక ఆటగాణ్ణి మూడేళ్లకి మించి ఉంచుకోకూడదు. దీన్నే కీపర్ లీగ్ అంటారు. వికెట్ కీపర్‌కి దీనికీ సంబంధం లేదు. తెలుగులో "ఉంచుకోవడం" అంటే మావాళ్లు వేరే అర్థంలో నవ్వుతారు కాబట్టి, అట్టిపెట్టుకోవడం అనే అంటున్నా.

డబ్బు? పైసా పెట్టం. మన ఆంధ్రలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటల్ని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం తెచ్చి దేశమంతా ఆపేసింది. అసలు చట్టం లేకపోయినా మేం పెట్టేవాళ్లం కాదు. డబ్బు లేకుండానే ఇంత గొడవ. అదే డబ్బు ఉంటే ఈపాటికి ఒక పెళ్లింటి సంబంధం చెడేది.

ఈ ఆట పుట్టింది మన దగ్గర కాదు. 1980లో న్యూయార్క్‌లో డానియల్ ఓక్రెంట్ అనే ఆయన, ఆయన ఫ్రెండ్స్ కొందరు బేస్‌బాల్ ఆటగాళ్ల మీద ఇలాంటి వేలం మొదలుపెట్టారు. వాళ్లు కలుసుకునే రెస్టారెంట్ పేరులో రోటిసరీ అని ఉండేది. అందుకే ఇప్పటికీ దాన్ని రోటిసరీ బేస్‌బాల్ అంటారు. 260 డాలర్ల బడ్జెట్, 23 మంది ఆటగాళ్లు. ఆటగాళ్లని ఏడాదికేడాది అట్టిపెట్టుకునే పద్ధతి, దాంతో వచ్చే తగాదాలు అక్కడ ఎప్పట్నుంచో ఉన్నాయి. అక్కడ మామూలుగా జరిగే ట్రేడ్ ఎలా ఉంటుందంటే, ఈ ఏడాది గెలిచే ఛాన్స్ లేనివాడు తన స్టార్‌ని గెలిచే ఛాన్స్ ఉన్నవాడికి ఇచ్చేసి, చవగ్గా ఉన్న కుర్రాణ్ణి తీసుకుంటాడు. ఒకడికి ఈ ఏడాది కావాలి, ఇంకొకడికి వచ్చే ఏడాది కావాలి. ఇద్దరి టైం వేరు కాబట్టి ఇద్దరికీ లాభం.

మన కేసులో తేడా అదే. ఇక్కడ ఫస్ట్ వచ్చినవాడు, సెకండ్ వచ్చినవాడు. ఇద్దరికీ ఈ ఏడాదే కావాలి. మరి రెండోవాడు 717 పరుగులు కొట్టినవాణ్ణి మొదటివాడి చేతికి ఎందుకిస్తాడు? అనుమానం రావడంలో తప్పు లేదు. రన్నరప్ వాళ్ల నాన్నగారు కూడా విని ఇదే అన్నారట: "కాపులో ఉన్న సెట్టు ఇచ్చేసి మొక్క తెచ్చుకుంటావేటిరా?" ఉద్దానంలో ఈ మాట బరువు వేరు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టినప్పటి నుంచి, మొక్క కాపుకి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మావాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

సరే, లెక్కలోకి వెళ్దాం. ముందు ధరలు. సూర్యని 2025 వేలంలో 180కి కొన్నాడు. ఇప్పుడు అట్టిపెట్టుకుంటే 200. వైభవ్‌ని ఛాంపియన్ 15కి కొన్నాడు. అప్పటికి వాడెవడో మాలో సగం మందికి తెలీదు. ఇప్పుడు 35. నితీష్ 40కి, ఇప్పుడు 60.

చూడగానే ఏమనిపిస్తుంది? సూర్య విలువ 200, ధర 200, అట్టిపెట్టుకుంటే లాభం సున్నా. అలాంటప్పుడు వాడిని ఇచ్చేసి ఎవర్ని తీసుకున్నా లాభమే కదా? కాదు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు.

ఎనిమిది మందికి కలిపి ఎనిమిది వేల పిక్కలు. మొత్తం ఆటగాళ్ల విలువ కూడా ఎనిమిది వేలు అనుకుందాం. ఇప్పుడు అందరూ తలా ఐదుగురిని అట్టిపెట్టుకుంటే 40 మంది. షీట్ ప్రకారం ఈ 40 మందికి కట్టేది దాదాపు 3200. కానీ వాళ్ల అసలు విలువ 4800. చవగ్గా దొరికినవాళ్లనే కదా ఎవరైనా ఉంచుకునేది! అంటే వేలంలో మిగిలిన పిక్కలు 4800. మిగిలిన సరుకు విలువ 3200. 3200 సరుకు మీద 4800 డబ్బు పడితే ఏమవుతుంది? ధర ఒకటిన్నర రెట్లు అవుతుంది. జీడిపప్పు అమ్మేవాడికి ఇది నేను చెప్పడమేంటి, పంట తగ్గిన ఏడాది బస్తా ధర చూసినవాడే.

కాబట్టి సూర్యని వదిలేస్తే వేలంలో వాడు 200కి రాడు, 300కి వెళ్తాడు. 200కే చేతిలో ఉన్నాడంటే 100 పిక్కల లాభం ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి. కీపర్ లీగ్‌లో స్టార్‌ని సరైన ధరకి పట్టుకుని ఉండడం కూడా లాభమే.

ఇప్పుడు నితీష్. వీడి మీద మనకి ప్రేమ ఎక్కువ, అందుకే ముందు వీడి లెక్క తేల్చేద్దాం. 2024లో 303 పరుగులు, ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు. సన్‌రైజర్స్ 20 లక్షలకి తీసుకున్న కుర్రాణ్ణి తర్వాత 6 కోట్లకి అట్టిపెట్టుకుంది. 2025లో 182 పరుగులు. మొన్న డిసెంబర్ వేలంలో సన్‌రైజర్స్ 13 కోట్లు పెట్టి లివింగ్‌స్టన్‌ని తెచ్చింది. అంటే నితీష్ ఇంకా కింద దిగాల్సి రావచ్చు. నేను 70 వేశా. ఒకటిన్నర రెట్లు అంటే 105. ధర 60. లాభం 45. వైజాగ్ వాడని ఇంకో 20 కలపమంటారా? కలపను. గ్రూప్‌లో ఒకడు మన టెక్కలి కుర్రాడు త్రిపురాన విజయ్‌ని ఢిల్లీ 30 లక్షలకి తీసుకున్న రోజు వేలంలో మావాళ్లు ఎలా ఎగబడ్డారో గుర్తుచేశాడు. నిజమే. అభిమానానికి ధర ఉంటుంది, కానీ అది కట్టేవాడి జేబులోంచి పోతుంది.

ఇక అసలు ప్రశ్న వైభవ్. ఈ ట్రేడ్ మొత్తం ఒక్క అంకె మీద నిలబడి ఉంది: వైభవ్ విలువ ఎంత?

ఏం తెలుసో చూద్దాం. 2025లో ఏడు మ్యాచ్‌లు, 252 పరుగులు. ఏప్రిల్ 19న లక్నో మీద మొదటి బంతికే శార్దూల్ ఠాకూర్‌ని సిక్స్ కొట్టాడు. 28న జైపూర్‌లో గుజరాత్ మీద 35 బంతుల్లో సెంచరీ. వయసు పద్నాలుగు. ఇది చూసి మా గ్రూప్‌లో ఒకడు వీడి విలువ 200 అంటున్నాడు. వాడి లెక్క ఏంటంటే, ఏడు మ్యాచ్‌లకి 252, పద్నాలుగుకి 504. అంతేనా మరి?

252లో 101 ఒక్క ఇన్నింగ్స్‌లోనే వచ్చాయి. అది తీసేస్తే ఆరు మ్యాచ్‌ల్లో 151. మ్యాచ్‌కి 25. సెంచరీతో కలిపితే 36. సెంచరీని పూర్తిగా తీసేయడం అన్యాయం, పూర్తిగా నమ్మడం అత్యాశ. జీడిపిక్కల బస్తా కొనేటప్పుడు గుప్పెడు పిక్కలు తీసి కోసి చూస్తారు. ఆ గుప్పెట్లో ఒక్కటి బ్రహ్మాండంగా ఉంటే బస్తా అంతా అలాగే ఉందని ఎవడూ రేటు కట్టడు. నేను మ్యాచ్‌కి 27 వేశా. పద్నాలుగు మ్యాచ్‌లు ఆడితే 378.

అసలు పద్నాలుగూ ఆడతాడా? ఇక్కడ నిజం ఐపీఎల్ ట్రేడ్ మనకి సాయం చేస్తుంది. నవంబర్‌లో సంజు శాంసన్ రాజస్థాన్ నుంచి చెన్నైకి వెళ్లాడు, 18 కోట్లకి. బదులుగా జడేజా, శామ్ కరన్ రాజస్థాన్‌కి వచ్చారు. జడేజా ధర 18 నుంచి 14 కోట్లకి తగ్గింది, కరన్ 2 కోట్ల 40 లక్షలు. చూశారా, అది కూడా ఒకరికి ఇద్దరే. ఆ రోజు పలాసలో చెన్నై ఫ్యాన్స్ స్టేటస్‌లు చూస్తే ఎవరో పోయారనుకోవాలి. అందరూ జడేజా గురించే మాట్లాడారు. ఫాంటసీ ఆడేవాడు చూడాల్సింది వేరే: 2025లో వైభవ్‌కి ఛాన్స్ వచ్చిందే శాంసన్ గాయపడి ఓపెనింగ్ ఖాళీ అయినందుకు. ఇప్పుడు ఆ ఖాళీ శాశ్వతం. మా ట్రేడ్‌లో లేని ఒక ఆటగాడు వేరే ఊరు వెళ్లి, మా ట్రేడ్‌లో ఉన్న కుర్రాడి ధర పెంచాడు. ట్రేడ్ లెక్కేసేటప్పుడు పేర్లే కాదు, ఆ పేరు ముందు క్యూలో ఎవరున్నారో చూడాలి.

మొన్న 24న విజయ్ హజారేలో 84 బంతుల్లో 190 కొట్టాడు కదా అంటారు. కొట్టాడు. అరుణాచల్ ప్రదేశ్ మీద. చూసి ఆనందించా, షీట్‌లో మాత్రం ఒక్క అంకె మార్చలేదు.

ఇప్పుడు పరుగుల్ని పిక్కల్లోకి మార్చాలి. మా లీగ్‌లో బ్యాటర్‌కి ప్రధానంగా పరుగులే లెక్క. వేలం చివర్లో ఐదు పిక్కలకి దొరికే బ్యాటర్ కూడా సీజన్‌కి 250 కొడతాడు. కాబట్టి ఎవడికైనా 250 పైన కొట్టేదానికే ధర. సూర్య 717 అని ఊగిపోకండి. అది పదహారు మ్యాచ్‌ల్లో ప్రతిసారీ 25కి తగ్గకుండా కొట్టిన అరుదైన సీజన్. 2023లో 605, 2024లో 345. మూడేళ్ల సగటు 556. వయసు 35. ఇండియా తరఫున 2025లో టీ20ల్లో ఒక్క హాఫ్ సెంచరీ లేదు. నేను 520 వేశా. 250 పైన 270. దానికి 200 పిక్కలు. అంటే పిక్కకి 1.35 పరుగులు. అదే కొలతతో వైభవ్: 378లో 250 తీస్తే 128. 1.35తో భాగిస్తే 95.

95. గ్రూప్ చెప్పిన 200 కాదు, వాళ్ల నాన్నగారు చెప్పిన మొక్క ధరా కాదు.

ఇప్పుడు ట్రేడ్‌లో పెడదాం. వైభవ్ 95 అంటే వేలంలో 142. ధర 35. లాభం 107. నితీష్ 45. కలిపి 152. అవతల సూర్య లాభం 100. చూశారా, 152కి 100, ఛాంపియన్ 52 పిక్కలు ఊరికే ఇచ్చేస్తున్నాడు, కానుకే అని మళ్లీ అరుస్తారు. ఆగండి. ఐదుగురినే కదా అట్టిపెట్టుకోగలిగేది?

ఛాంపియన్ చేతిలో ఉంచుకోదగ్గవాళ్లు ఆరుగురు. నితీష్ ఆరోవాడు. ఎలాగూ వదిలేయాల్సినవాడే. ఛాంపియన్‌కి నితీష్ విలువ సున్నా. ఇదొక్కటి అర్థమైతే సగం గొడవ పోతుంది. ఛాంపియన్ నిజంగా ఇస్తున్నది వైభవ్‌ని, 107. తీసుకుంటున్నది సూర్యని, 100. నష్టం 7. టీ ఖర్చు. దానికి బదులు పద్నాలుగేళ్ల కుర్రాడి ఏడు మ్యాచ్‌ల మీద కాకుండా, పదేళ్లకి పైగా ఐపీఎల్ ఆడుతున్నవాడి మీద నిద్రపోతాడు. ఆర్మీవాడు, డ్యూటీలో ఉంటే రోజూ స్కోర్ చూసుకోలేడు. నమ్మకమైనవాడు కావాలనుకోవడంలో తప్పేముంది?

రన్నరప్ సంగతి పూర్తిగా రివర్స్. వాడి దగ్గర గట్టివాళ్లు నలుగురే, సూర్యతో కలిపి. ఐదోవాడు నామ్‌కే వాస్తే, 20 పిక్కల లాభం. ట్రేడ్ ముందు సూర్య 100, ఆ ఐదోవాడు 20, మొత్తం 120. ట్రేడ్ తర్వాత 107, 45, మొత్తం 152. లాభం 32. పైగా వైభవ్ వచ్చే ఏడాది 55కి, ఆ పై ఏడాది 75కి ఉంటాడు. సూర్య 220, 240 అవుతూ ఉంటాడు, వయసు 36, 37 అవుతూ ఉంటుంది.

అంటే ఒకడికి కుర్చీలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఇంకొకడికి కుర్చీ ఖాళీ. టైం ఒకటే అయినా కొరత వేరు. పోటీలో ఉన్న ఇద్దరి మధ్య నిజాయితీ ట్రేడ్ కుదిరేది సాధారణంగా ఇలాంటి చోటే. కారణం లేకుండా ఒకడు తన స్టార్‌ని రైవల్‌కి ఇస్తుంటే అనుమానించండి. ఇక్కడ కారణం షీట్‌లోనే ఉంది.

నా 95 తప్పని మీరు అనుకుంటే? మంచిదే, మార్చి చూడండి. వైభవ్ విలువ 73 కంటే తక్కువైతే రన్నరప్‌కి నష్టం. 90 దాటితే ఛాంపియన్‌కి నష్టం. 74 నుంచి 90 మధ్యలో ఉంటే ఇద్దరికీ లాభం. ఇద్దరికీ లాభమైతే నష్టం ఎవరికి? మిగతా ఆరుగురికి. అంటే నాకూ. అసలు గొడవ ఎక్కడ పుట్టిందో ఇప్పుడు తెలిసిందా? "ఇది అన్యాయం" అని మెసేజ్ పెట్టినవాళ్లలో కనీసం ఇద్దరి బాధ అన్యాయం గురించి కాదు, టాప్ ఇద్దరూ ఇంకా బలపడతారని. ఆ బాధ నాకూ ఉంది, ఐదో ప్లేస్‌లో ఉన్నవాణ్ణి. కానీ అది వీటోకి కారణం కాదు.

రైవల్‌కి అసలు ఇవ్వనే కూడదు అనేవాళ్లకి ఒక నిజం కథ ఉంది, నేను దాచను. 2019 నవంబర్‌లో ఢిల్లీ ట్రెంట్ బౌల్ట్‌ని ముంబైకి ట్రేడ్ చేసింది. మరుసటి ఏడాది నవంబర్ 10న దుబాయ్‌లో ఫైనల్. ఢిల్లీకి అది మొట్టమొదటి ఐపీఎల్ ఫైనల్. ఎదురుగా ముంబై. మ్యాచ్ మొదటి బంతి బౌల్ట్ వేశాడు, స్టోయినిస్ అవుట్. మొత్తం మూడు వికెట్లు, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్, కప్ ముంబైకి. ఇంతకంటే ఘోరంగా ట్రేడ్ ఎదురు తిరగదు. కానీ ఇదీ చూడండి: ఆ సీజన్ పర్పుల్ క్యాప్ 30 వికెట్లతో రబాడాది, అతను ఢిల్లీ వాడే. ఢిల్లీ తన దగ్గర కొరత లేనిచోటు నుంచి ఇచ్చింది. ఆ రోజుకి అది పిచ్చి పని కాదు.

అదే నెలలో ఢిల్లీ ఇంకో ట్రేడ్ చేసింది. రాజస్థాన్ నుంచి రహానేని తీసుకుని మార్కండేని, రాహుల్ తెవాటియాని ఇచ్చింది. మళ్లీ ఒకరికి ఇద్దరు! రహానే 2020లో తొమ్మిది మ్యాచ్‌ల్లో 113 పరుగులు. తెవాటియా? షార్జాలో కాట్రెల్ ఓవర్‌లో ఐదు సిక్సులు. ట్రేడ్ రోజున ఆ పేపర్ మీద తెవాటియా పేరు ఎవరు చదివారు? పెద్ద పేరు పక్కన ఊరికే కలిపి ఇచ్చిన రెండో పేరు అది. మా ట్రేడ్‌లో నితీష్ పేరు అక్కడుంది. ఛాంపియన్‌కి ఫోన్లో ఇదే చెప్పా: "నీకు సున్నా అయినవాడు అవతలోడికి సున్నా కాదు, ఊరికే ఎందుకు ఇస్తున్నావ్? బదులుగా ఏదో ఒకటి అడుగు." నవ్వి, "ఇద్దు అన్నా, బావే కదా" అన్నాడు. ఇదిగో, అనుమానం నిజంగా పెట్టుకోవాల్సిన చోటు ఇది ఒక్కటే. సూర్య, వైభవ్ దగ్గర కాదు, నితీష్ దగ్గర.

ఇక హార్దిక్ ట్రేడ్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఒక్క మాట. 2023 నవంబర్‌లో గుజరాత్ నుంచి ముంబైకి, 15 కోట్లు. 2024లో ముంబై ఆఖరి స్థానం, గుజరాత్ ఎనిమిదో స్థానం. ట్రేడ్ చేసిన ఇద్దరూ కిందకి పోయారు. ఒకడు గెలిస్తే ఇంకొకడు ఓడాలని రూలేమీ లేదు.

సరే, తీర్పు. మా లీగ్‌లో ట్రేడ్ ఆపడానికి ఇప్పటిదాకా రాసిపెట్టిన రూల్ లేదు. ఈ వారం రాశాను. పనికిమాలిన ట్రేడ్ అని ఆపకూడదు. కుమ్మక్కు అయితేనే ఆపాలి. తెలివితక్కువగా ఆడే హక్కు అందరికీ ఉంది, దాన్ని తీసేస్తే లీగ్ నా ఒక్కడిదే అవుతుంది. మరి కుమ్మక్కు అని ఎలా తెలుస్తుంది? చుట్టరికం చూసి కాదు. మా ఎనిమిది మందిలో ఏదో ఒక వరస కలవనివాడు లేడు. పరీక్ష ఒక్కటే పెట్టా: ఇదే ధరకి వేరేవాళ్లకి ఇస్తావా?

ఛాంపియన్ తన ఆఫర్‌ని గ్రూప్‌లో బహిరంగంగా పెట్టాలి. వైభవ్, నితీష్ నా దగ్గర ఉన్నారు, 200 ధరలో ఒక స్టార్‌ని ఇచ్చేవాళ్లు ఎవరైనా రండి అని. నలభై ఎనిమిది గంటలు. ఎవరైనా సూర్య కంటే ఎక్కువ లాభం ఉన్నవాణ్ణి ఇస్తానంటే, ఛాంపియన్ వాళ్లకి ఇవ్వాలి, లేదా ఎందుకివ్వడో చెప్పాలి. ఎవరూ రాకపోతే ట్రేడ్ ఖాయం, ఇక ఎవరూ నోరెత్తకూడదు. రన్నరప్‌కి ఇది నచ్చలేదు. "నాను ముందు మాటాడుకున్న బేరానికి నువ్వు పాట పెడతావేట్రా?" అన్నాడు. వ్యాపారం చేసేవాడి కోపం, న్యాయమే. కానీ కొత్త పెళ్లికొడుకు కానుక తీసుకున్నాడన్న మాట లీగ్ ఉన్నన్నాళ్లూ వెంటపడే కంటే, రెండు రోజులు ఓపిక పట్టడం వాడికే మంచిదని చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత సరే అన్నాడు. ఇంట్లో వాళ్లావిడ కూడా అదే అందట.

పాట మొదలై ఇరవై గంటలైంది. ఇప్పటికి ఒక్క ఆఫర్ వచ్చింది. ఎక్కువగా అరిచినవాడి దగ్గర్నుంచే. జడేజాని 150కి ఇస్తాడట, వైభవ్ ఒక్కణ్ణే అడుగుతున్నాడు. జడేజాకి నేను 140 వేశా. వేలంలో 210, ధర 150, లాభం 60. సూర్యతో వచ్చే 100 ఎక్కడ, ఈ 60 ఎక్కడ! వాడికి లెక్క పంపా. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

ఇంకా ఇరవై ఎనిమిది గంటలుంది. ఈ షీట్ ఖాళీ కాపీ లింక్ కింద పెట్టా. మీ లీగ్‌లో ఎంతమంది, ఎంతమందిని ఉంచుకోవచ్చు, ధర ఎంత పెరుగుతుంది, ఈ మూడూ నింపితే ఆ ఒకటిన్నర రెట్లు మీ దగ్గర ఎంతో అదే చెప్తుంది. వైభవ్‌కి మీరు ఎంత వేస్తారో కామెంట్‌లో అంకె ఒక్కటే రాయండి, ఎందుకో ఒక లైన్‌లో చెప్పండి. వేలం వీడియో ఊళ్లోనే తీస్తా, పండక్కి ఎనిమిది మందీ వస్తున్నారు.